రంగు వెయ్యొద్దు

ఏప్రిల్ వచ్చినా కోడియాక్ దీవిలో
రేవు రాళ్ళమీద మంచు కరగలేదు.
జఖార్ మావయ్య తన సత్తు పడవని
ట్రెయిలర్ మీద ఈడ్చుకొచ్చి నా షెడ్డులో దింపాడు.
"ఎక్కడో కారుతోంది మత్రోనా,
కళ్ళకి కనపడట్లేదు, కాళ్ళకి తెలుస్తోంది."

ఇరవై రెండేళ్ళ పడవ.
సాల్మన్ వలలు లాగి లాగి అంచులు నున్నబడ్డాయి.
ఏ సొట్ట ఏ రాయి కొట్టిందో
ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.
"సత్తుకి తుప్పు పట్టదు" అంటాడు,
పందెం కాసినట్టు.

పట్టదని ఎవరన్నారు?
పుట్టిన క్షణమే పడుతుంది.
గీరు పడ్డ చోట గాలి తగిలీ తగలకముందే
కంటికి ఆనని పొర కమ్ముకుంటుంది,
ఇనుములా పెచ్చులూడదు,
అక్కడే ఆగుతుంది,
తనే తలుపు, తనే గడియ.
మనం గట్టిదనం అనుకునేది
అంత త్వరగా మానే గాయం.

దానికి కావలసిందల్లా గాలి.

వెనక, ఇంజను పక్కన, బురాన్ పడుకునే చోట
మావయ్య అంటించిన రబ్బరు చాప.
కుక్క పోయి ఏడేళ్ళు.
చాప తియ్యలేదు.
రెండు చేతులా పట్టి లాగితే
కింద తడి సున్నంలా తెల్లటి ముద్ద,
నిలవ ఉప్పునీళ్ళ వాసన,
కుక్క వాసన కూడా, లేక నాకలా అనిపించిందో.
ఊపిరాడని చోట పొర మళ్ళీ అల్లుకోలేదు.
పలకంతా స్ఫోటకం మచ్చలు.

ముద్దలో వేలు పెట్టి కెలికితే
గుండ్రంగా ఏదో తగిలింది.
ఒక సెంటు రాగిబిళ్ళ.
తీసి చూస్తే దాని కింద,
దానికంటే కాస్త చిన్నగా,
షెడ్డు నేల కనపడుతోంది.

ఆ బిళ్ళ నాకు తెలుసు.
కొత్త పడవకి ఫాదర్ పవిత్ర జలం చల్లిన రోజు
నాకు తొమ్మిదేళ్ళు, బురాన్‌కి రెండు నెలలు.
పెద్ద ఓడల్లో తెరచాప కొయ్య కింద నాణెం పెడతారని ఎవరో చెప్పారు.
దీనికి కొయ్యే లేదే అని బెంగపడి
జిగురు ఆరని చాప అంచు ఎత్తి
లోపలికి తోశాను,
మావయ్య మునిగిపోకూడదని.

రాగీ సత్తూ ఉప్పునీళ్ళలో ఒరుసుకుని కూర్చుంటే
తరిగేది సత్తే.
వెల్డింగ్ బడిలో మొదటి వారమే చెప్పారు.
ఇరవై రెండేళ్ళు నా మొక్కు
అడుగుని తొలుస్తూనే ఉంది, తీరిగ్గా,
ఆయన దానిమీదే నిలబడి వల లాగుతుంటే.

మచ్చలు పడ్డ మేరా కోసేశాను.
కొత్త పలక మూలలు గుండ్రం చేసి అమర్చాను.
అతికేముందు పొర గీకెయ్యాలి:
తోలు కరగడానికి రెండు వేల డిగ్రీలు,
లోపలి కండకి ఆరొందల అరవై చాలు.
ఇనుములా ఎర్రబడి ముందుగా చెప్పదు సత్తు.
వెండిలా మెరుస్తూనే ఉండి
ఉన్నట్టుండి జారిపోతుంది.
అత్తయ్య పోయాక మావయ్యా అంతే,
పదిరోజులు వలలు కుట్టాడు, జోకులు చెప్పాడు,
పదకొండో రోజు డీజిల్ కొనడానికొచ్చి
బంకు దగ్గర కూలబడ్డాడు.

జింకు దిమ్మ సగం అరిగింది.
పడవ బదులు అరగడమే దాని ఉద్యోగం.
కొత్తది బిగించాను.

సాయంత్రం వచ్చాడు.
"ఎందుకు కారిందో తెలిసిందా?"
"చాప" అన్నాను. అబద్ధం కాదు.
దాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు.
"ఇంట్లో నీలం డబ్బా ఉంది, లోపల వేసెయ్యనా?"
"రంగు వెయ్యొద్దు మావయ్యా. గాలి తగలనీ."

అతుకుమీద అరచెయ్యి ఆన్చి ఉంచాడు.
అది ఇంకా వెచ్చగానే ఉంది.
నేను ట్రెయిలర్ కొక్కెం తగిలించడానికి వంగితే
జేబులో తాళాలకి తగిలి ఏదో మోగింది.
"ఏంటది?"
"చిల్లర."